డిప్యూటీ లైబ్రేరియన్ గారి ఎదురు కుర్చీ

నేను ఒక టేకు కుర్చీని. పుట్టింది జైల్లో. ఖైదీలు చిత్రిక పట్టి, వైరు అల్లి యూనివర్సిటీకి పంపారు. వాళ్ల శిక్ష ఎప్పటికో అప్పటికి తీరే ఉంటుంది. నాది లైబ్రరీలో మొదలైంది.

మొదటి పదేళ్లు రీడింగు హాల్లో ఉన్నాను. పిల్లలు నా చేతుల మీద పేర్లు చెక్కారు గానీ నోరు మెదపలేదు. తర్వాత నన్ను డిప్యూటీ లైబ్రేరియన్ సువర్చల బల్లకు ఎదురుగా వేశారు. ఖాళీ కుర్చీ కనిపిస్తే మనుషులకు కష్టాలు గుర్తొస్తాయని అప్పుడే తెలిసింది.

"ఎల్లేష్ ఫ్యాన్ కింది సీటు ఇడుస్తలేడు మేడమ్. మీరే చెప్పాలె" అని కౌంటరు రాజేశ్వరి కూర్చునేది. ఆమె లేవగానే ఎల్లేష్. "ఆమె చెమట పన్నీరు, నాది ఉప్పునీళ్లా మేడమ్?"

సువర్చలకు షుగరు. ఒంటిగంటకు మాత్ర వేసుకుని వెంటనే తినాలని డాక్టరు మరీ మరీ చెప్పాడు. మాత్ర వేళకే పడేది. అన్నమే పడేది కాదు.

ఒకరోజు మాత్ర మింగి, డబ్బా మూత తీసిందో లేదో, చీఫ్ లైబ్రేరియన్ దామోదర్‌రావు గారు వచ్చి కూర్చున్నారు.

"తినమ్మా, తినుకుంటనే ఇను."

పైఅధికారి ముందు ముద్ద ఎలా దిగుతుంది? మూత పెట్టేసింది. పదిరోజుల్లో తనిఖీ కమిటీ. "నువ్వుండంగ నాకేం రంది?" అంటూ ఆయన ఫైలు, ఉత్తరాలు, చివరికి తను చదవాల్సిన స్వాగతోపన్యాసం కూడా ఆవిడ వైపు జరిపారు. యాభై నిమిషాలు. షుగరు పడిపోయి ఆవిడకు చెమటలు పట్టాయి.

"గప్పుడే టెన్షనా? ఇంక పదిరోజులుంది గద!"

ఆవిడ సొరుగులోంచి చక్కెర పొట్లం తీసి నోట్లో పోసుకుంది. ఆయన గడియారం చూసుకుని, తన భోజనానికి లేచారు.

మర్నాడు పొద్దున్నే, అటెండరును కూడా పిలవకుండా, తనే నన్ను పక్కనున్న స్టాకు రూములోకి ఈడ్చింది. తలుపు తెరిచే ఉంది కనుక ఒంటిగంటకు అంతా విన్నాను.

"కుర్చీ ఏడికి పోయిందమ్మా?"

"నేనే తీసేసిన సర్. ఒకటి నుంచి ఒకటిన్నర దాక తింట. తర్వాత రండి."

"మరి నా స్పీచ్?"

"స్పీచ్ మీది సర్. ఫైల్ నేను చూస్త."

 తర్వాత బూట్లు వెనక్కి మళ్లాయి. వంకాయకూర వాసన వచ్చింది.

ఇప్పుడు నా మీద అట్టలూడిన పుస్తకాలున్నాయి. నేనేమంత బరువు కాను. అయినా నన్ను పక్కకు జరపడానికి ఆవిడకు ఆరేళ్లు పట్టింది.