మెట్టు దిగిన అక్షరం

అన్న చాక్‌పీసుతో అక్షరాలు గీస్తే, వాటిలో రంగు నింపడం చెల్లెలి పని. పద్దెనిమిదేళ్లుగా అంతే. ఊళ్లో సగం బోర్డులు ఆమె చేతి మీదుగా వెళ్లినవే గాని, వాటిలో ఒక్క అక్షరమూ ఆమెది కాదు. తనకూ ఒక బోర్డు ఇమ్మని అన్నను నాలుగుసార్లు అడిగింది. నాలుగోసారి అతను విసుక్కున్నాడు. పళ్ల డాక్టరుగారి ఆసుపత్రిలో రెండు మాటలు తిరగరాయాలట, అవి నువ్వే రాసుకో, బాగోలేదన్నారంటే మాత్రం మళ్లీ ఈ ఊసెత్తకు అన్నాడు.

ఆ రెండు మాటలు ‘మెట్టు ఉంది’. హాల్లోంచి డాక్టరు గదిలోకి ఒక మెట్టు దిగాలి. గుమ్మం పక్క గోడ మీద అన్న ఎప్పుడో బారుగా, ముచ్చటగా రాశాడు. అందరూ చదివేవారు. చదువుతూనే తూలేవారు.

చెల్లెలు ‘మె’ను పైనే ఉంచి, ‘ట్టు’ను జానెడు కిందికి దించింది. దాని ఒత్తును, కాలు చాపి నేలను వెతుక్కుంటున్నట్టు, ఇంకాస్త కిందికి లాగింది.

మర్నాడే నర్సు ఫోన్ చేసింది, అక్షరాలు జారిపోయాయి, వచ్చి సరిచేయమని.

“పద. తాగొచ్చి రాసినట్టుందట నీ రాత” అంటూ అన్న బ్రష్షులు సంచిలో వేసుకున్నాడు. ఆమె రంగు డబ్బా అందుకుని వెంట నడిచింది.

లోపల ఎవరో ఉన్నారని నర్సు ఇద్దరినీ హాల్లో కూర్చోబెట్టింది. కాసేపటికి చెంపకు చెయ్యి ఆనించుకున్న ఒకావిడ లేచి గుమ్మం దాకా వెళ్లింది. గోడ వైపు చూసింది. కాలితో తడుముకుని దిగింది. ఆమె తర్వాత ఒక పెద్దాయన ‘మె’ దగ్గర ఆగి, ‘ట్టు’ దాకా చూపు దించి, తలుపు పట్టుకుని దిగాడు.

పొద్దుట్నుంచి ఎవరైనా తూలారా అని అన్న నర్సును అడిగాడు.

“లేదండీ. కానీ తప్పు తప్పే కదా. చూసినవాళ్లు నవ్వుతున్నారు.”

“నవ్వనీయండమ్మా, పళ్ల ఆసుపత్రేగా” అన్నాడు అన్న. కాసేపు గోడకేసి చూసి, “దిద్దాలో వద్దో మా చెల్లెల్ని అడగండి. రాసింది అది” అన్నాడు.

నర్సు ఆమె వైపు తిరిగింది. ఆమె హాలు చివరిదాకా నడిచి, అక్కణ్నుంచి చూసింది. జరపాల్సిన పని లేదంది. ఒత్తు మాత్రం దూరానికి సన్నగా కనబడుతోందంటూ బ్రష్షు తీసుకుని గోడ దగ్గర కూర్చుంది. అన్న రంగు డబ్బా పట్టుకుని వెనకే వంగి చూడబోయాడు.

“కొంచెం పక్కకు జరుగన్నయ్యా, వెలుతురు పడట్లేదు” అందామె.