ఎంక్వైరీ కౌంటర్ గొంతు

క్లాసులో అందరికంటే ముందొచ్చి కిటికీ పక్క కుర్చీలో కూర్చునేది ఎంక్వైరీ ఆంటీయే. బ్యాగు కింద పెట్టి, కంప్యూటర్ ఆన్ చేసి, అది వెలిగేలోపు కళ్ళజోడు తుడుచుకుని, నిన్న రాసిన కోడ్ మళ్ళీ చదివేది. చదివిన కొద్దీ అయోమయం పెరిగేదే కానీ తగ్గేది కాదు. "నిన్న అర్థమైనట్టే ఉందే, పొద్దున్నకి ఎటు పోయిందో!" అని తనలో తనే గొణుక్కునేది. తర్వాత ఒక్కొక్కరే పిల్లలొచ్చి, "ఆంటీ, అర్థమైందా?" అంటే, "ఆఁ, అయోమయం బాగా అర్థమైంది" అనేది.

ఆ పేరెలా వచ్చిందంటే, ఆవిడ బస్టాండ్‌లో ఎంక్వైరీ కౌంటర్లో పనిచేసేది. బస్టాండ్ ఎక్కడో లేదు, రోడ్డుకి అవతలే. కోడింగ్ నేర్పే ఈ సెంటర్ ఇవతల పాత బిల్డింగ్‌లో, చెప్పుల షాపు పైన ఉంది. కిటికీ తీస్తే బస్సుల పొగా, మైకూ రెండూ లోపలికొస్తాయి.

కౌంటర్ మూసేసి మెషీన్ పెట్టే ముందు పెద్దాఫీసు వాళ్ళొచ్చి ఆవిడ్ని ఒక గదిలో మైకు ముందు కూర్చోబెట్టారు. ఊళ్ళ పేర్లు చెప్పించారు, అంకెలు చెప్పించారు, 'ఆలస్యానికి చింతిస్తున్నాము' అన్నది మామూలుగా ఒకసారి, కాస్త బాధగా ఒకసారి చెప్పించారు. 'నాకు తెలీదు, కనుక్కుని చెప్తాను, ఇక్కడే నిలబడండి' అన్నది కూడా చెప్పబోతే, "అది వద్దమ్మా, మెషీన్‌కి తెలియనిదేముంటుంది?" అని నవ్వారు. సాయంత్రానికి ఒక పూలగుత్తి చేతిలో పెట్టి పంపేశారు. ఆవిడ ఇంటికొచ్చేసింది, గొంతు మాత్రం అక్కడే, స్తంభం మీది మైకులో ఉండిపోయింది.

మొదట్లో అది నేర్పినవే చెప్పేది. కొన్నాళ్ళకి ధైర్యం వచ్చినట్టుంది, సొంతంగా మాట్లాడటం మొదలుపెట్టింది. ఏడ్చే పిల్లల్ని ఊరుకోబెట్టేది, అడ్డంగా బస్సు పెట్టిన డ్రైవర్‌కి నాలుగు తగిలించేది, స్తంభం కింద నిలబడి ఎవరేమడిగినా టక్కున జవాబు చెప్పేది. జనం అడగడం, అది చెప్పడం మామూలైపోయింది. అప్పుడప్పుడూ తప్పు చెప్పేది. కానీ ఎంత దర్జాగా చెప్పేదంటే, తప్పు బస్సెక్కి తిరిగొచ్చినవాళ్ళు కూడా తామే సరిగ్గా వినలేదేమో అనుకునేవాళ్ళు.

ఇంట్లో అత్తగారికైతే దానితోనే కాలక్షేపం. మధ్యాహ్నం కునుకు తీసి లేవగానే వెళ్ళి స్తంభం కింద బెంచీ మీద కూర్చునేది.

"నీకన్నా అదే నయమే," అనేది కోడలితో. "నిన్నేదైనా అడిగితే మొహం తేలేస్తావు. అదైతే అడిగేలోపే చెప్తుంది."

"మొన్న మీ అమ్మాయి వాళ్ళ ఊరికని మిమ్మల్ని ఇంకెక్కడికో పంపించింది కదా అత్తయ్యా!"

"పంపిస్తే పంపించింది. ఎంత ముద్దుగా చెప్పిందనీ!"

అలా పంపించిన రోజు చీకటి పడుతుంటే, ఏదో తెలియని ఊరి నుంచి ఎవరో ఫోన్ చేశారు. వెళ్ళి చూస్తే, సంచి ఒళ్ళో పెట్టుకుని అత్తగారు ఒక మూసేసిన కొట్టు అరుగు మీద కూర్చుని ఉంది. "ఇది మన అమ్మాయి ఊరు కాదుటే?" అని అడిగింది. ఎంక్వైరీ ఆంటీ సంచి అందుకుని, చెయ్యి పట్టుకుని లేపింది.

భర్త పనిచేసే ప్రింటింగ్ ప్రెస్ కూడా మూతపడ్డాక, ఇంట్లో ఎవరో ఒకరు కొత్త పని నేర్చుకోక తప్పలేదు. ఆయన "నా వల్ల కాదు బాబోయ్" అని ముందే చేతులెత్తేశాడు. చేతులెత్తడంలో వెనకబడింది కాబట్టి ఈవిడ చేరింది. చివర్లో కంపెనీ వాళ్ళొచ్చి ఒక్కొక్కరి ప్రోగ్రాం చూస్తారు, నచ్చితే ఉద్యోగం. నచ్చకపోతే ఇంకో దారి ఏదీ ఆవిడకి కనపడలేదు.

పాఠం చెప్పే సార్ ఆవిడ మేనల్లుడి వయసువాడు. మంచివాడే, కానీ గబగబా చెప్పుకుపోతాడు. "లూప్ ఎక్కడ ఆగాలో ఎవరు చెప్తారు?" అని అడిగితే, ఎంక్వైరీ ఆంటీ ఆలోచించడానికి నోరు తెరిచేలోపే కిటికీలోంచి ఆవిడ గొంతు జవాబు చెప్పేసేది. రోజూ కిటికీలోంచి పాఠాలు వినీ వినీ దానికి అన్నీ పట్టుబడిపోయాయి.

"కరెక్ట్ ఆంటీ!" అని సార్ ఆవిడకే మార్కు వేసేవాడు.

"నేను కాదు బాబూ చెప్పింది."

"మీ గొంతే కదా ఆంటీ."

గొంతు తనదే, ఎలా కాదంటుంది? అలా మార్కులు పెరిగిపోయాయి, బుర్రలో గందరగోళం అలాగే ఉండిపోయింది. తనకి తెలిసిందెంతో, దానికి తెలిసిందెంతో విడదీసి చూసుకుందామంటే చేతికి చిక్కేది కాదు.

ఒక్కటి మాత్రం అచ్చంగా తనదే. పళ్ళ డాక్టర్ దగ్గరికి వచ్చేవాళ్ళకి టైము ఇచ్చే ప్రోగ్రాం. ఎన్నో తంటాలు పడి రాసింది. అది నడిచేది కూడా, కాకపోతే ఒక్క మనిషి పేరు కొడితే ఇద్దరు తయారయ్యేవారు. అదే పేరు, అదే నొప్పి, వరసగా రెండు టైములు.

"ఆంటీ, మీ డాక్టర్ ఒకే పన్ను రెండుసార్లు పీకాలి," అని పిల్లలు పడీ పడీ నవ్వేవారు.

"ఎక్కడుందో తప్పు, కాస్త చూడు బాబూ," అని సార్‌ని బతిమాలింది.

"నేను చూపించకూడదు ఆంటీ. మీరే వెతుక్కోవాలి. ఒక్కో లైనూ పైకి చదవండి, దొరుకుతుంది."

చదివింది. మనసులో చదివింది, పైకి చదవాలంటే సిగ్గేసింది. బస్టాండంతా మార్మోగే గొంతు అవతల ఉండగా, ఈ మిగిలిన గొంతుతో ఏం చదువుతుంది! ఎన్నిసార్లు చూసినా అంతా సరిగ్గానే ఉన్నట్టుండేది.

కంపెనీ వాళ్ళు రానే వచ్చారు. వచ్చింది పొట్టి జుట్టు మేడం ఒక్కతే, చేతిలో పెన్నూ, మొహంలో తొందరా. పిల్లలందరివీ అయ్యాక ఎంక్వైరీ ఆంటీ వంతు వచ్చింది. సార్ పక్కనే నిలబడి గోళ్ళు కొరుక్కుంటున్నాడు. ప్రోగ్రాం నడిపించగానే మేడం తన పేరే కొట్టింది. స్క్రీన్ మీద ఇద్దరు మేడంలు వచ్చారు.

"ఇదేంటండీ, రెండుసార్లు ఎందుకొచ్చింది?"

ఆవిడ నోరు తెరిచేలోపు కిటికీలోంచి గొంతు అందుకుంది.

"నెట్‌వర్క్ సమస్య వల్ల ఇలా జరిగింది. అసౌకర్యానికి చింతిస్తున్నాము. నెట్‌వర్క్ సమస్య వల్ల ఇలా జరిగింది. అసౌకర్యానికి చింతిస్తున్నాము."

ఎంత దర్జాగా చెప్పిందీ! "ఓ, అంతేనా. ఇక్కడ నెట్‌వర్క్ కొంచెం అంతే," అని మేడం తలూపి, పెన్ను కాగితం మీద పెట్టింది. సార్ ఊపిరి పీల్చుకున్నాడు. ఎంక్వైరీ ఆంటీ నోరు మూసుకుని ఊరుకుంటే చాలు, పని అయిపోయినట్టే. ఇంట్లో భర్త పొద్దున్నించి ఫోన్ చేతిలో పట్టుకుని కూర్చుని ఉంటాడు. ఊరుకుందామనే అనుకుంది. నిజం చెప్పాలంటే చాలా గట్టిగానే అనుకుంది. కానీ ఆ దర్జా గొంతు విన్నప్పుడల్లా తెలియని ఊళ్ళో అరుగు మీద కూర్చున్న అత్తగారే కళ్ళముందుకొస్తుంది, ఏం చేస్తుంది!

"అది కాదండీ," అంది.

సార్ రెండు చేతులతో తల పట్టుకున్నాడు. మేడం పెన్ను ఆగింది. "మరి ఎందుకు?"

"నాకు తెలీదు. కనుక్కుని చెప్తాను, ఇక్కడే కూర్చోండి."

అన్న తర్వాత ఆవిడకే ఆశ్చర్యమేసింది. కౌంటర్లో రోజూ అనేదే, నోట్లోకి రాక ఎన్నాళ్ళయిందో! సిగ్గు ఎటు పోయిందో కానీ, కళ్ళజోడు సర్దుకుని మొదటి లైను నుంచి పైకి చదవడం మొదలెట్టింది, బస్సుల టైములు చదివినట్టు, గట్టిగా, నిదానంగా. "పేరు తీసుకో. టైము చూడు. టైము ఇవ్వు. టైము ఇవ్వు." చదివి కింది లైనుకి వెళ్ళిపోయి, ఆగి, వెనక్కొచ్చింది.

"అయ్యో నా మతి మండా! రెండుసార్లు చెప్పానండీ."

"అదే కదా ఆంటీ ఇన్నాళ్ళూ!" అన్నాడు సార్, ఏడవలేక నవ్వుతూ.

"కౌంటర్లో ఏదైనా రెండుసార్లు చెప్పాలి బాబూ. మొదటిసారి చెప్పింది తల తిప్పడానికే సరిపోతుంది, రెండోసారి చెప్పిందే చెవికెక్కుతుంది. నా కంటికిది రెండుసార్లులా కనపళ్ళేదు, ఒకసారి పూర్తిగా చెప్పినట్టు కనిపించింది." రెండో లైను తీసేసి మళ్ళీ నడిపించింది. ఈసారి ఒక్క మేడమే వచ్చింది.

అంతసేపూ కిటికీలోంచి ఒక్క మాట రాలేదు. కిందనుంచి బస్సుల చప్పుడు తప్ప ఇంకేం వినపడలేదు.

మేడం కాగితం మీద ఏదో కొట్టేసి, ఏదో రాసింది. "సోమవారం నుంచి రాగలరా?"

ఎంక్వైరీ ఆంటీకి బుర్ర తిరిగిపోయింది. పొగిడిందో, తిట్టిందో, ఉద్యోగమే ఇచ్చిందో ఒక్కసారికి ఎక్కలేదు. "కనుక్కుని చెప్తాను, ఇక్కడే కూర్చోండి," అని ఫోన్ పట్టుకుని మెట్ల మీదకి పరిగెత్తింది. మేడం నవ్వి, నిజంగానే అక్కడే కూర్చుంది.

సాయంత్రం రోడ్డు దాటి బస్టాండ్‌కి వెళ్ళేసరికి, అత్తగారు బెంచీ మీద మూతి ముడుచుకుని ఉంది. ఉద్యోగం సంగతి చెప్పబోతే వినిపించుకోలేదు.

"ముందిది విను. దానికేదో అయిందే ఇవాళ. మన అమ్మాయి ఊరికి బస్సెప్పుడని అడిగానా? ఎంతకీ పలకదే! చివరికి పలికి ఏమందో తెలుసా? 'నాకు తెలీదు, కనుక్కుని చెప్తాను, అక్కడే కూర్చోండి' అంది. అదీ రెండుసార్లు!"

ఎంక్వైరీ ఆంటీ స్తంభం మీద మైకు వైపు చూసింది. "మరి కనుక్కుందా అత్తయ్యా?"

"కనుక్కుంది. కంట్రోల్ రూం ఆయన్ని కేకేసి పిలిచి మరీ అడిగింది. దారిలో వంతెన పనట, ఇవాళ బస్సు లేదట. రేపు పొద్దున్నే ఉందట." అత్తగారు సంచి కోడలి చేతికిచ్చి, మోకాళ్ళు పట్టుకుని లేచింది. "ఆ ముద్దూ మురిపెం ఏమీ లేవు. అచ్చం నీలా మాట్లాడింది."

"అయితే రేపు వెళ్తారా?"

"ఎందుకు వెళ్ళను? నీలా మాట్లాడింది కదా. ఈసారి మన అమ్మాయి ఊళ్ళోనే దిగుతాను."