సాంబమూర్తికి వచ్చిన ఒక్క పేజీ

సాంబమూర్తి ఏ కాగితం రాసినా పైన ‘శ్రీరామ’ అని పెట్టి, నాలుగు మూలలా పసుపు అద్దుతాడు. దుమ్ముగూడెంలో కిరాణా కొట్టు నడిపే మనిషి. సమాచార హక్కు కింద పోలీసు ఆఫీసుకు పెట్టిన దరఖాస్తును కూడా వదల్లేదు.

“లగ్నపత్రిక అనుకుంటరు. పోలీసోళ్లంతా భోజనాలకొస్తే నేను వండలేను,” అంది భార్య సుబ్బరత్నం.

సంగతి ఆటో నడిపే బద్యాది. రెండేళ్ల కిందట గోదావరి వంతెన మీద తనిఖీలో ఒక ఎస్సై లాఠీతో కొడితే అతని చెయ్యి విరిగింది. పైగా డ్యూటీకి అడ్డొచ్చాడని అతని మీదే కేసు. ఎస్సై మీద శాఖలో విచారణైతే జరిగింది గానీ, ఏం తేలిందో ఎవరికీ చెప్పలేదు. ఈ నెల పద్దెనిమిదిన కోర్టు వాయిదా. చూశానని చెప్పే సాక్షి లేడు. ఎస్సైదే తప్పని ఆ విచారణ ఫైల్లో ఉంటే బద్యా గట్టెక్కుతాడు, లేకపోతే జైలే.

ఫైలు తెప్పించే భారం ఎవరూ అడక్కుండానే సాంబమూర్తి నెత్తికెత్తుకున్నాడు. చెయ్యి విరిగిన రోజు సారపాక నుంచి తిరిగొస్తూ ఆ ఆటోలో కూర్చున్నది ఆయనే మరి. నెల రోజులపాటు చింతపండు కొనవచ్చిన ప్రతివాళ్లకూ చట్టం బోధించాడు. “నా తూకం తప్పితే పేపర్ల ఏస్తరు. పోలీసోడి తప్పు దాస్తరా?”

జవాబొచ్చిన రోజు బద్యా వచ్చి కొట్టు ముందు బల్ల మీద కూర్చున్నాడు. వంకరగా అతుక్కున్న చెయ్యి ఒళ్లో పెట్టుకున్నాడు.

“చదువు సారూ.”

అధికారిపై తీసుకున్న చర్య ఆయన వ్యక్తిగత సమాచారమట, ఇవ్వడం కుదరదట.

“అప్పీలు చేద్దాం,” అన్నాడు సాంబమూర్తి, లాయరులా.

“ఎనక ఇంకో కాగితముంది గద?”

ఉంది. విచారణలో దరఖాస్తుదారు, అంటే సాంబమూర్తే, రాసిచ్చిన సొంత వాంగ్మూలం కాబట్టి అది మాత్రం జతపరిచారు. పైన ‘శ్రీరామ’. జిరాక్సులో మూలల పసుపు నల్లటి మచ్చలైంది. సాంబమూర్తికి చదవక తప్పలేదు.

“రామాలయ గోపురం కనబడగా కళ్లు మూసుకుని దండం పెట్టుకుంటిని. ఏమి జరిగినదో చూడలేదు.”

“ఎంతసేపు మూసినవయ్యా? చెయ్యి విరిగేదాకనా?” అంది లోపల్నుంచి సుబ్బరత్నం.

“నేను గట్టిగనే అరిచిన గద సారూ,” అన్నాడు బద్యా మెల్లగా.

అరుపు వినబడింది. ఒక కన్ను తెరిచాడు కూడా. లాఠీ రెండోసారి లేవడం చూసి మళ్లీ మూసుకుని, జన్మలో ఎన్నడూ లేనంత భక్తిగా రామనామం జపించాడు. ఎస్సై తప్పులు బీరువాలో భద్రంగా ఉన్నాయి. తనది మాత్రం రిజిస్టరు పోస్టులో ఇంటికొచ్చింది. దరఖాస్తు పోలీసులకు పెడితే జవాబు రాముడిచ్చాడా అని ఆయనకు అనుమానమొచ్చింది.

“చూసిన బద్యా. ఒక్క కంటితోటి.”

“గా ఒక్క కన్ను కోర్టుకొస్తదా సారూ?”

సాంబమూర్తి గోడ మీది పటం వైపు తిరిగి చేతులు జోడించబోయి ఆగాడు. జోడిస్తే కళ్లు వాటంతటవే మూసుకుంటాయి, పాడు అలవాటు.

“పద్దెనిమిదిన ఎన్నింటికి?” అన్నాడు.

“పదింటికల్ల. నా ఆటోలనే పోదాం. గోపురం కనబడ్డా కండ్లు తెరిసే ఉంచాలె.”