గట్టు మీద ప్రమాణం

సుమో పెదపాడు దాటేసరికి దేవకుమారి చేతుల చెమటకి ఒళ్లో ఉన్న బైబిల్ అట్ట జారిపోతోంది.

"ఏసీ పెంచమంటారా అమ్మగారూ?" ముందు సీట్లోంచి వెనక్కి తిరిగి అడిగాడు గంగాధరరావు.

"వద్దండి."

"మీరేం కంగారుపడకండి. నోరు తెరిచే పనే లేదు మీకు. విచారణ గదిలో ముందు వరసలో కూర్చోండి. పుస్తకం ఒళ్లో పెట్టుకోండి, పుష్పలతకి కనపడేలాగ. అంతేనండి. భోజనాల వేళకి మిమ్మల్ని ఇంటి దగ్గర దింపేస్తాను."

గంగాధరరావు ఎప్పుడూ గొంతు పెంచడు. కొల్లేటి అంచున ఆయనకి మూడు చేపల చెరువులున్నాయి. ఒక్క పనివాణ్నీ ఏనాడూ 'ఒరేయ్' అనలేదు. చెరువు గట్ల మీద కాపలా కాసేవాళ్లని కూడా 'ఏవండీ' అనే పిలుస్తాడు. ఆ చుట్టుపక్కల ఆయన్ని చెడ్డవాడనే మనిషి దొరకడు.

దేవకుమారి ఆ ఊరి చర్చిలో బైబిల్ ఉమన్. ఇల్లిల్లూ తిరిగి వాక్యం చదివి వినిపించి, జబ్బు మనుషుల కోసం ప్రార్థన చేయడం ఆవిడ పని. నెలకి ఆరువందలు. యాభై నాలుగేళ్ల వితంతువు. ఆవిడ మాటంటే క్రైస్తవ పేటలో పాస్టరు మాటకంటే ఎక్కువ చెల్లుతుంది. ఆ సంగతి అందరికంటే ముందు కనిపెట్టినవాడు హిందువైన గంగాధరరావు.

ఆరేళ్ల క్రితం సంగతి. చెరువు మీద కాపలాకి పెట్టిన జంటలు పంట మధ్యలో పారిపోయేవి. గట్టు మీద పాకలో పది నెలలు కాపురం. రోజూ మెడలోతు నీళ్లలో దిగి, వెదురు గుంజలకి చేపల మేత తవుడు బస్తాలు కట్టాలి. జీతం జంటకి నెలకి పద్దెనిమిది వందలు, అదీ చేపలు పట్టిన రోజున. ఇంకెవరైనా రెండు వందలు ఎక్కువిస్తామంటే వెళ్లిపోక ఏం చేస్తారు? కాగితాలు రాయించాడు, వేలిముద్రలు వేయించాడు. ఎవరూ ఆగలేదు.

ఒకరోజు దేవకుమారి ఇంటికొచ్చాడు.

"మా దేవుళ్ల మీద ఒట్టేస్తే సాయంత్రానికి మర్చిపోతారండి. మీ దేవుడి దగ్గర అలా కుదరదంట కదా!" అని నవ్వాడు. ఆవిడా నవ్వింది. గర్వంగానే నవ్వింది.

మర్నాడు గట్టు మీద మొదటి జంట బైబిల్ మీద చెయ్యి పెట్టింది. మాటలు గంగాధరరావువి, వాళ్లచేత పలికించింది దేవకుమారి. 'పట్టుబడి అయ్యేదాకా గట్టు దాటం. చెరువు సంగతి బయట చెప్పం.' చేపలు పట్టి లారీకి ఎత్తే రోజుని అక్కడ పట్టుబడి అంటారు.

ఆ జంట గట్టు దాటలేదు. తర్వాతి జంటా దాటలేదు. పక్క చెరువుల వాళ్లూ ఆవిడ కోసం కారు పంపడం మొదలుపెట్టారు. మొత్తం ముప్ఫై రెండు జంటలు. ఒక్కరూ మాట తప్పలేదని చర్చిలో స్త్రీల కూటంలో ఆవిడే చెప్పేది, వాళ్ల విశ్వాసానికి సాక్ష్యంగా. చర్చి కప్పుకి కొత్త రేకులు గంగాధరరావు వేయించాడు. వాన కురిస్తే ఇప్పుడు పాటల పుస్తకాలు తడవడం లేదు.

సుమో ఏలూరు వచ్చింది.

కార్మిక శాఖ ఆఫీసు మేడమీద గదిలో వెట్టిచాకిరీ విచారణ. అధికారి ప్రసాదరావు కళ్లజోడు తుడుచుకుంటూ ఫైలు తిరగేస్తున్నాడు. పక్కన గుమాస్తా భీమశంకరం. ఫైలు కట్టడానికి కారణం ఆసుపత్రి నర్సు రాసిన ఒక పేజీ ఉత్తరం. నవంబరు తొమ్మిదిన ఎడ్విన్ అనే ముప్ఫై ఏళ్ల మనిషిని తెచ్చారు. చెరువులో విరిగిన వెదురు గుంజ పాదంలో దిగింది. అప్పటికి ఎనిమిది రోజులైంది. కాలు మోకాలి కిందకి నల్లబడింది. తీసేయాల్సి వచ్చింది. ఇన్నాళ్లూ ఎందుకు రాలేదని డాక్టరు అరిస్తే, ఆ మనిషి అన్న మాట నర్సుకి అర్థంకాక ఉన్నదున్నట్టు రాసింది: 'గట్టు దాటకూడదండి.'

ఎడ్విన్ భార్య పుష్పలత బల్ల ముందు నిలబడి ఉంది. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. గదిలోకి వస్తున్న దేవకుమారిని చూసింది. తర్వాత ఆవిడ చేతిలో నల్ల అట్ట పుస్తకం చూసింది. ఇంక తలెత్తలేదు.

"అమ్మగారు మా ఊరి పెద్దావిడండి," అన్నాడు గంగాధరరావు. "ఈ పిల్లకి ధైర్యంగా ఉంటుందని తీసుకొచ్చాను."

"మంచిపని చేశారు," అన్నాడు ప్రసాదరావు మనస్ఫూర్తిగానే. "చెప్పమ్మా. వీరి దగ్గర అడ్వాన్సు ఎంత తీసుకున్నారు?"

"తీసుకోలేదండి."

"అప్పు?"

"లేదండి."

"కొట్టారా? పాకకి తాళం వేశారా?"

"లేదండి. తిట్టలేదు కూడానండి."

భీమశంకరం కలం ఆపాడు. "అయ్యా, ఇలాంటి ఓనరు దొరికితే నేనూ వెళ్లి గట్టు మీద కూర్చుంటాను." గంగాధరరావు సిగ్గుపడ్డట్టు నవ్వాడు.

ప్రసాదరావు నవ్వలేదు. ఆయన చెడ్డ అధికారి కాదు. ఆయన ముందున్న ఫారంలో గళ్లున్నాయి. వెట్టి అనాలంటే అప్పు కనపడాలి, లేదంటే తాళం, దెబ్బ, కాగితం. మన చట్టాలు గొలుసుల కోసం వెతుకుతాయి. గొలుసు ఇనుముతోనే చేస్తారని వాటి నమ్మకం. నేరం చేసేవాడు మాత్రం ఎప్పుడో ఇనుము మానేశాడు. మనిషి మనసులో అన్నిటికంటే శుభ్రమైన చోటు ఏదో చూసి, మేకు అక్కడ దిగ్గొడుతున్నాడు. దొంగకి, అబద్ధాలకోరుకి ఆ మేకు దిగదు. మాటకి కట్టుబడేవాడే దొరికిపోతాడు.

"మరి కాలు కుళ్లిపోతుంటే ఎందుకు కదల్లేదమ్మా? ఏలూరు ఆటోలో నలభై నిమిషాలు."

పుష్పలత నేల చూస్తోంది. తలెత్తకుండానే అంది: "మా ఇష్టంతోనే ఉన్నామండి."

గంగాధరరావు వెనక్కి వాలి కూర్చున్నాడు. భీమశంకరం గబగబా రాసి చదివి వినిపించాడు. స్వచ్ఛందంగా పనిచేయుచున్నామనియు, యజమానిపై ఎట్టి ఫిర్యాదు లేదనియు.

"వేలిముద్ర పడితే అయిపోయినట్టేనా అండి?" అడిగాడు గంగాధరరావు. "చెరువులోకి కొత్త చేపపిల్లల సీడ్ దిగింది. అక్కడ మనిషి లేడు. ఈవిడకి పని అలాగే ఉంచాను. ఎడ్విన్ వచ్చినా కూర్చుని కాపలా కాసే పని ఇస్తాను. సుమోలోనే తీసుకెళ్లిపోతాను." దేవకుమారి వైపు వంగి గొంతు తగ్గించాడు. "పనిలో పని అమ్మగారూ, వెళ్లేదారిలో గట్టు దగ్గర ఆగి ఈ పంటకి కూడా ప్రమాణం కానిచ్చేద్దాం."

దేవకుమారి తల ఊపిందో లేదో తనకే తెలియలేదు.

భీమశంకరం ఇంకు డబ్బా తెరిచాడు. పుష్పలత బొటనవేలు పట్టుకుని నొక్కి, కాగితం మీద దొర్లించాడు. నల్లటి మరక పడింది, గీతలు పడలేదు. మళ్లీ నొక్కాడు. మళ్లీ మరకే.

"ఇదేం వేలమ్మా? గీతలేవీ?"

"నీళ్లలో అరిగిపోయినయ్యండి."

"అయితే తుడుచుకుని ఎడంచేయి ఇవ్వు."

పుష్పలత వేలు కొంగుకి తుడుచుకుంది. తెల్లగా నాని, పగుళ్లిచ్చిన చేతులు. ఆ చేతుల్ని దేవకుమారి ఎరుగును. ఈ నెల ఐదో తారీఖున అవే చేతులు ఆవిడ కాళ్లు పట్టుకున్నాయి.

ఆవేళ ఆవిడ ప్రార్థనకని గట్టు మీదకి వెళ్లింది. పాకలో ఎడ్విన్ పడుకుని ఉన్నాడు. పాదం గుమ్మడికాయలా ఉంది. వాసన వేస్తోంది. గుంజ దిగి నాలుగు రోజులైందన్నారు. ఎడ్విన్ జ్వరంలో నవ్వడానికి ప్రయత్నించాడు. "అమ్మగారూ, మీరొక్క మాటనండి. ఎళ్లిపోండి అనండి. ఎళ్లి చూపించుకుని రాత్రికల్లా వచ్చేత్తాం." పుష్పలత కాళ్లు పట్టుకుంది. దేవకుమారి ఆలోచించింది. అబద్ధమెందుకు, ఆలోచించింది ఎడ్విన్ కాలి గురించి కాదు. ముప్ఫై రెండు జంటల్లో మొదటిసారి ఒకరు గట్టు దాటారన్న మాట కూటంలో ఎలా చెప్పాలా అని.

"మాట ఇచ్చింది నాక్కాదు కదమ్మా, దేవుడికి. పట్టుబడి ఇంకో నాలుగు రోజులేగా. ప్రార్థన చేద్దాం," అంది.

ప్రార్థన చేసింది. గట్టు దిగేటప్పుడు గంగాధరరావు మనిషి రెండు బొచ్చె చేపలు సంచిలో వేసి ఇచ్చాడు. ఇంటికెళ్లి పులుసు పెట్టుకుంది. బాగుంది కూడా.

పట్టుబడి తొమ్మిదిన అయింది. ఆఖరి లారీ కదిలాక, సాయంత్రం నాలుగింటికి, పుష్పలత మొగుణ్ని ఆటో ఎక్కించింది.

భీమశంకరం ఎడమ బొటనవేలు ఇంకులో ముంచాడు.

"ఆగండి."

అన్నది తనేనని కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడు విన్నాక గానీ దేవకుమారికి తెలియలేదు.

"ఆవిడ ఇష్టంతో లేదండి. నేను ఉంచాను."

"అమ్మగారికి బీపీ అండి," గంగాధరరావు లేచాడు. "పొద్దున్న టిఫిను కూడా చేయలేదు. కూర్చోండి అమ్మగారూ, నీళ్లు తెప్పిస్తాను."

"నాకే జబ్బూ లేదు." ఆవిడ ఆయనవైపు చూడలేదు. చూస్తే కూర్చుండిపోతానని తెలుసు. "పట్టుబడి అయ్యేదాకా గట్టు దాటమని, చెరువు సంగతి బయట చెప్పమని ఈ పుస్తకం మీద ఒట్టు వేయించింది నేనండి. ఈళ్లొక్కళ్లే కాదు, ముప్ఫై రెండు జంటలు. ఇవాళ నన్ను తీసుకొచ్చింది ఇది ఆ పిల్లకి కనపడాలని. అందుకే నోరిప్పట్లేదు. కాలు చూసి కూడా పంపలేదు నేను. నాలుగో రోజున చూశాను."



"అమ్మగారూ," గంగాధరరావు గొంతు ఇప్పటికీ మెత్తగానే ఉంది. "నేను వేయించిన చర్చి రేకుల కింద కూర్చునే మీరు ఇలా మాట్లాడటం బాగుంటుందాండి?"

"రేకులు ఊడదీయించుకోండి. తడుస్తాం."

ప్రసాదరావు ఫారం వంక చూశాడు. ఒట్టుకి అందులో గడి లేదు. "మీరు చెప్పింది రాసుకుంటాను. కానీ పనిచేసింది మీరు కాదు. ఈ అమ్మాయే చెప్పాలి. లేకపోతే ఈ ఫైలు మూసేయడం తప్ప నా చేతిలో ఏం ఉండదు. కాలికి నష్టపరిహారం కూడా రాదు."

దేవకుమారి పుష్పలత దగ్గరికి వెళ్లింది. "చెప్పు తల్లీ. ఏం భయం లేదు. ఆ ఒట్టు నేను తీసేస్తున్నాను. ఇప్పుడే తీసేస్తున్నాను."

పుష్పలత మొదటిసారి తలెత్తింది.

"తీసేత్తారా అండి?" అంది. కోపం లేదు. నిజంగానే అడుగుతోంది. "అంటే ఆరోజూ తీసేయొచ్చన్నమాటేనా అండి? దేవుడిదన్నారు కదండి."

దేవకుమారి పుస్తకాన్ని కొంగు కిందికి లాక్కుంది.

"ఆయన అడిగేరు కదండి. మీరొక్క మాటనండని." పుష్పలత ఇంకు వేలిని ఇంకో చేత్తో పట్టుకుంది. "మొన్న ఆస్పత్రిలో కూడా, కాలు లేదని తెలిశాక, మొదట ఏమన్నారో తెలుసాండి? మాట తప్పలేదు కదా మనం, అన్నారు."

తర్వాత ఆమె అధికారి వైపు తిరిగింది. చెప్పింది. తొందర లేకుండా, వరసగా. మూడు పంటలు. ప్రతి పట్టుబడి రోజునా జీతంలో సగం చేతికిచ్చి, మిగతా సగం వచ్చే పంటకి ఇస్తానని గట్టు మీదే మళ్లీ చెయ్యి పెట్టించడం. గణపవరం దగ్గర తల్లి పోతే కబురు తెలిసి కూడా వెళ్లకపోవడం. ఎనిమిది రాత్రులు ఎడ్విన్ కాలికి పసుపు కట్టి, గట్టు చివర నిలబడి, రోడ్డు మీద పోయే ఆటోల దీపాలు చూడడం. గట్టుకి, రోడ్డుకి మధ్య ఉన్నదల్లా ఒక చెక్క వంతెన. పదడుగులు. గేటు కూడా లేదు.

భీమశంకరం ఒక్క జోకూ వేయకుండా రాశాడు. గంగాధరరావు సెల్‌ఫోను తీసి బయటికి నడిచాడు. వెళుతూ తలుపు నెమ్మదిగా, చప్పుడు కాకుండా వేశాడు.

రాయడం అయింది. ప్రసాదరావు కళ్లజోడు తీశాడు. ఇరవై ఏళ్ల అలవాటు కొద్దీ, ఏ దురుద్దేశం లేకుండానే అన్నాడు: "సరేనమ్మా. చెప్పిందంతా నిజమేనని ఒకసారి ఆ బైబిల్ మీద చెయ్యిపెట్టి చెప్పు."

ఆరేళ్ల అలవాటు. దేవకుమారి చేతులు ఆవిడ చెప్పకుండానే పుస్తకాన్ని ముందుకి చాపాయి. చాపాక చూసుకుంది.

పుష్పలత రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది.

"పెట్టనండి."

"అది రూలమ్మా..."

"నేను చెప్పింది నిజం. నమ్మితే రాసుకోండి, లేకపోతే చింపేసుకోండి. చెయ్యి మాత్రం పెట్టనండి."

బల్లకి ఈవల దేవకుమారి నిలబడే ఉంది. చాచిన చేతుల్లో నల్ల అట్ట పుస్తకం. ముప్ఫై రెండు జంటల చేతులు పడీ పడీ, అట్ట మీద శిలువ బొమ్మ ఎప్పుడో చెరిగిపోయింది. ఆ చోటు నున్నగా మెరుస్తోంది.