నిమ్మరసం చాలని రొయ్యల పచ్చడి

మొగల్తూరులో రొయ్యల పచ్చడంటే ఒకప్పుడు నాగదుర్గదే. నిమ్మరసం నాలుగు చుక్కలకు మించి పడనిచ్చేది కాదు. రొయ్య తీపి నాలుక్కి తెలియాలనేది. వచ్చినవాళ్లందరికీ అత్త అప్పాయమ్మ "మా పెద్దకోడలి చెయ్యి" అని చెప్పుకునేది. చిన్నకోడలు సుప్రియ కాపురానికొచ్చాక ఆ మాట వినపడలేదు. సుప్రియ పచ్చడి పుల్లగా ఉంటుంది గానీ నెలల తరబడి నిలుస్తుంది. హైదరాబాదుకు పార్సిళ్లు వెళ్తుంటే నాగదుర్గకు ఒంటికి కారం రాసుకున్నట్టుండేది.

సుప్రియ పచ్చడిలో ఏదో తెల్లపొడి కలపడం ఓ రోజు కిటికీలోంచి కంటపడింది. ఓహో, ఇదా దీని గొప్ప అనుకుంది నాగదుర్గ. డబ్బా మీద పేరు చదువుకుని, నరసాపురం వెళ్లి, పచ్చళ్లు పాడవకుండా వేసే ఆ సోడియం బెంజోయేట్ పొట్లం తెచ్చుకుంది. తణుకు పెళ్లివారు పచ్చడికి కబురు పెడితే, తోడికోడలి చెవిన పడకుండా తనే ఒప్పేసుకుంది. సుప్రియ చిటికెడు వేస్తే తను గుప్పెడు వేసింది. నిమ్మరసం మాత్రం ఎప్పటిలాగే నాలుగు చుక్కలు.

పెళ్లి ఇంకా పది రోజులుందనగా మూత తీస్తే పైన తెల్లగా బూజు. వాసనకు సుప్రియ వచ్చి చూసింది. పక్కనే పొట్లం ఉంది.

"ఎంతేశావక్కా?"

"నీకంటే తక్కువేం వెయ్యలేదులే."

"కిలోకి పావు గ్రాము దాటకూడదక్కా. ఎక్కువైతే ఒంటికి మంచిది కాదు. పులుపు లేకపోతే ఎంతేసినా అది పనిచెయ్యదు. ఇది ఎవరికీ పెట్టకు, పారబోసెయ్."

ఈ కిటుకు దాచుకుని ఉంటే తిట్టుకోడానికైనా దారుండేది. అడక్కుండానే చెప్పేసిందీ మనిషి.

పచ్చడి గోతిలో పూడ్చి, కొత్త రొయ్యలు తడి లేకుండా వేయించింది నాగదుర్గ. సుప్రియ చిన్న కాటాలో పొడి తూచి, గోరువెచ్చటి నీళ్లలో కరిగించి ఇచ్చింది. సుప్రియ వేలు కాటాకు ఆని తూకం మారుతుందేమోనని నాగదుర్గ రెప్ప వెయ్యకుండా చూసింది. నిమ్మరసం గిన్నెడు తనే పోసింది, పళ్లు బిగించి.

పచ్చడి నిలిచింది. తణుకు పంపే ముందు అప్పాయమ్మ అన్నంలో కలుపుకుని లొట్టలేసింది.

"చిన్నదానా, ఈసారి మరీ బాగా కుదిరిందే."

"నేను కాదత్తా, అక్క చేసింది" అంది సుప్రియ.

"పోవే, దాని చెయ్యి నాకు తెలీదూ."

నాగదుర్గ వేలితో కాస్త తీసి నాలుక మీద రాసుకుంది. అచ్చం సుప్రియ పచ్చడే. సీసా మూత బిగించింది.