పత్తి చేని తుమ్మికూర

శ్రీనాథ్ సారు పేరెత్తితే చాలు, సుమనకు అరికాలి మంట నెత్తికెక్కుతోంది. ఎక్కదా మరి? ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, ఒక్కసారి పరీక్ష చేసి పేపరోళ్లను పిలిచిన మహానుభావుడాయన. హైదరాబాదులో ఆయన ప్రయోగశాలలోనే సుమన మొక్కల్లో క్యాన్సర్ మందులు వెతికే పని చేస్తోంది. గద్వాల దగ్గర గట్టు అనే తన సొంతూరి నుంచి తుమ్మి ఆకు తెచ్చి, సారం తీసి, గాజు పళ్లెంలోని క్యాన్సర్ కణాల మీద వేసింది. తెల్లారేసరికి అన్నీ చచ్చాయి. మళ్లీ ఒకసారి చూద్దాం సార్ అని ఆమె అంటూనే ఉంది, పేపర్లో పడనే పడింది: గట్టు తుమ్మికూరలో క్యాన్సర్ మందు!

సుమన మళ్లీ చేసింది. ఈసారి సారాన్ని ఏ భాగానికా భాగం విడదీసి చూసింది. కణాలను చంపింది తుమ్మి కాదు, దాని మీద పడ్డ పురుగుమందు. ఆకు కోసింది విత్తనాల కోసం పెంచే సీడుపత్తి చేని ఒడ్డు మీద మరి. మందు కొట్టని పెరట్లో పెరిగిన తుమ్మి సారం వేస్తే కణాలు నిక్షేపంగా బతికాయి. పరుగున వెళ్లి చెబితే సారు కళ్లజోడు తుడుచుకుంటూ, "వచ్చే వారం సన్మానం ఉందమ్మా, అదయ్యాక చూద్దాం" అన్నాడు. సన్మానమట, సన్మానం! ఆ శాలువాకు నిప్పు పెట్ట!

ఆమె భయమంతా అమ్మ గురించే. జమ్ములమ్మకు రొమ్ములో గడ్డ తీశారు, క్యాన్సర్ సూదులు ఇంకా సగం మిగిలే ఉన్నాయి. వెంటనే ఫోన్ చేసింది.

"సూదులకు పోతలేను బిడ్డా. వాంతులు, వెంట్రుకలు ఊడుడు, ఎందుకా పరేషాన్? నువ్వు కనిపెట్టిన కూరనే మూడు పూటలా తింటున్న" అంది జమ్ములమ్మ సంబరంగా. అది మందు కాదని ఎంత మొత్తుకున్నా, "పేపర్ల పడ్డది గద" అని కొట్టిపారేసింది.

సుమన గద్వాల బస్సెక్కింది. మర్నాడు పొద్దున గట్టులో దిగి ఇంటికి పోతే తాళం. చేని దగ్గరుందన్నారు. అక్కడ చేనులో ఒకడు వీపున పంపు కట్టుకుని మందు కొడుతున్నాడు. ఆ చేని ఒడ్డు మీదే ఆడవాళ్లు ఒళ్లోకి తుమ్మి ఆకు కోసుకుంటున్నారు. వాళ్ల మధ్య, నెత్తికి గుడ్డ చుట్టుకుని అమ్మ.

"పారెయ్ అమ్మా! అది విషం!" అని అరుస్తూ సుమన ఆమె ఒడి పట్టి గుంజింది.

జమ్ములమ్మ కూతురి చెయ్యి విదిలించింది. "ఏందే, పిచ్చి లేసిందా? మీ సారు అంత పెద్దాయన, అబద్ధమాడుతడా?"

పక్కింటి ధనలక్ష్మి కూడా మీదికొచ్చింది. "మా మరదలు గదే రోగంతోటి మంచాన పడ్డది, నీకు తెల్వదా? మందు మీ ఇంటికే ఉండాల్నా పిల్లా?"

ఇక నోటి మాటతో అయ్యే పని కాదు. సుమన సారుకు ఫోన్ కలిపి, అందరికీ వినబడేట్టు స్పీకర్ పెట్టింది.

"సార్, ఒక్కటే అడుగుత. మా ఊరి చేని ఒడ్డు తుమ్మికూర మా అమ్మకు పెట్టమంటరా, వద్దంటరా?"

"ఛఛ! పురుగుమందని నువ్వే చెప్పావు కదమ్మా. మీ అమ్మకు మాత్రం పెట్టకు. కానీ సన్మానం అయ్యేదాకా ఈ మాట బయట..."

జమ్ములమ్మ ఫోన్ గుంజుకుంది. "సారూ, నేను సుమన తల్లిని. నాకు పెట్టొద్దంటివి, మంచిది. మరి ధనలక్ష్మి మరదలు ఏం పాపం జేసింది? ఆమెకెవ్వరు లేరనుకుంటివా? మా కడుపుల విషం బోసి నువ్వు శాలువ కప్పుకుంటవా? నీ సన్మానం మన్నుగాను!"

అవతల ఫోన్ కట్టయింది. జమ్ములమ్మ ఒడి దులిపేసింది. "పా బిడ్డా, దవాఖానకు పోదాం" అంది. సుమన అప్పటికే ఆ వార్త రాసిన పేపరాయన నంబరు వెతుకుతోంది.

ధనలక్ష్మి మాత్రం నిలబడ్డచోటే నిలబడిపోయింది. ఒళ్లోని ఆకు కాళ్ల మీద రాలింది.

"అయ్యో, మరదలికి పొద్దుగాలనే ఈ కూర ముద్ద గలిపి తినవెట్టొచ్చిన గదనే" అంటూ, చెప్పులు కూడా అక్కడే వదిలేసి ఊరి వైపు పరుగెత్తింది.