మాటల్లేని చోట

"ఏం జరుగుతోందే? అందరూ నోళ్ళు మూసుకున్నారేంటి?" అంది మా అత్తగారు ఎదెల్మీరా. టీవీలో మాటలాగితే ఆవిడకి కథ ఆగిపోయినట్టే. మూడేళ్ళ క్రితం చూపు పోయింది. అప్పట్నించి నాలుగు గంటల సీరియల్లో మాటల్లేని చోటల్లా చెప్పేది నేనే. యూకా దుంపలు చెక్కుతూనో, మా ఆయన విల్‌ఫ్రిదో చొక్కాలు ఇస్త్రీ చేస్తూనో చెబుతాను. దాన్ని పని అని ఇంతవరకూ ఎవరూ అనలేదు.

మా బారంకియా ఊళ్ళో, మా వీధిలో ఆ వేళకి ఆడవాళ్ళంతా కుర్చీలు తెచ్చుకుని మా వరండాలో చేరతారు. సీరియల్లో ఆల్బాకి సొంత పడవుంది, మొగుడు లేడు, బట్టలు కుట్టే మిరేయా అంటే ప్రాణం. ఆ ప్రాణం ఎలాంటిదన్నదే మూడు నెలల తగువు.

"కట్టుకోబోయినవాడు సముద్రంలో పోయాడు. ఆ దిగులుతో పెళ్ళొద్దంటోంది. దానికీ రంగులు పులమాలా?" అంటుంది ఎదురింటి నూరిస్.

"దిగులుంటే అద్దం ముందు అంతసేపెందుకు పిన్నీ? అదీ మిరేయా వచ్చే రోజునే!" అంటుంది పక్కింటి యాదీరా.

చివరికి తీర్పు మా అత్తగారిది. ఆల్బాకి మిరేయా మీద మనసుందని ఆవిడ తేల్చేసింది. వీధి మూల డామినోలాడే బల్ల దగ్గర మగాళ్ళు ఆ మాటకి నవ్వారట. మా ఆయన నా మీద మండిపడ్డాడు.

"అక్కడ లేనివి నువ్వే ఎక్కిస్తున్నావ్. స్నేహితులని చెప్పు, చాలు."

పద్దెనిమిదేళ్ళుగా ఆయన లేదంటే లేనట్టే. తలనొప్పంటే నా ఊహ. అలసటంటే, ఇంట్లో కూర్చునేదానికి అలసటేంటి? వినీ వినీ నా కళ్ళనే నేను అనుమానించేదాన్ని. కానీ రోజూ నలుగురూ నా మాట కోసం చెవులప్పగించి కూర్చోవడం మొదలయ్యాక, నేను చూసింది నిజమేనని నాకు తెలుస్తోంది. దీన్ని మాత్రం వదులుకోదలుచుకోలేదు.

ఆ శుక్రవారం ఆయన పెందలాడే వచ్చి మా అత్తగారికీ నాకూ మధ్య నిలబడ్డాడు. టీవీలో మాటలాగాయి.

"బట్ట కుడుతోందమ్మా, అంతే," అన్నాడు.

"నిన్నడగలేదు. నెల్సీ, నువ్వు చెప్పు."

చెప్పాను. "మిరేయా మోకాళ్ళ మీద కూర్చుని ఆల్బా గౌను అంచు కుడుతోంది అత్తయ్యా. అయిపోయింది. దారం కూడా కొరికేసింది. అయినా లేవట్లేదు. ఆల్బా ఆమెనే చూస్తోంది, చూపు తిప్పుకోవట్లేదు. స్నేహం కాదిది. మనసిచ్చిన చూపు."

ఆయన నవ్వాడు. "ఆ చూపు ఎలా ఉంటుందో నీకేం తెలుసు? నిన్నెవరు చూశారలా?"

ఒకప్పుడైతే వంటింట్లోకి పోయి ఏడ్చేదాన్ని. దుంపలు చెక్కుతున్న కత్తి పక్కన పెట్టాను.

"ఎవరూ చూళ్ళేదు. పద్దెనిమిదేళ్ళు నీ మొహంలో వెతికాను. అందుకే, కనపడగానే గుర్తుపట్టాను."

నూరిస్ తల వంచుకుంది. మా అత్తగారు కొడుకు గొంతు వినిపించిన వైపు మొహం తిప్పింది.

"పక్కకి జరగరా," అంది. "నాకు టీవీ కనపడట్లేదు."